గ్లాసులు ముందు, మూకుడు ఆఖర్న

మార్చి 3, సోమవారం. ఉదయం 6.30

డైరీ నాకు అలవాటు లేదు. స్కూల్లో ఉన్నన్నాళ్లూ రిజిస్టర్లు రాశాను, రిటైరయ్యాక ఇంటి పద్దులు రాశాను. మనసులో మాట కాగితం మీద పెట్టే సరదా ఎప్పుడూ లేదు. ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఒకటే. నిన్న భోజనాల దగ్గర ఈ ఇంట్లో ఒక నిర్ణయం జరిగింది. అది నా నిర్ణయం. వయసు మీదపడ్డాక మనుషులు తాము అన్న మాటల్ని తమకు అనుకూలంగా మార్చి చెప్పుకుంటారు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో నేను చేరకూడదు. అందుకే ఉన్నదున్నట్టు రాసిపెడుతున్నాను.

నా కూతురి కూతురు నా దగ్గరే ఉండి పీహెచ్‌డీ చేస్తోంది. వెండిని కంటికి ఆననంత నలుసులుగా చేస్తే నానో పార్టికల్స్ అంటారట. వాటిని మగ ఎలుకలకు రెండు నెలలు తాగించి, రక్తంలో మగ హార్మోన్, అంటే టెస్టోస్టిరాన్, ఏమవుతుందో చూడటం దాని పని. మూడు బ్యాచ్‌లు. ఒకదానికి ఉత్త నీళ్లు, ఒకదానికి సగం డోసు, ఒకదానికి ఫుల్ డోసు. నిన్న ఆదివారమైనా ల్యాబ్‌కి వెళ్లి రిజల్ట్ పట్టుకొచ్చింది. చెప్పులు విప్పకుండా హాల్లోకి వచ్చేసింది. విప్పమన్నాను. విప్పి మళ్లీ వచ్చి చెప్పింది. నీళ్ల బ్యాచ్‌లో హార్మోన్ నిండుగా ఉంది, సగం డోసులో తగ్గింది, ఫుల్ డోసులో సగానికి సగం పడిపోయింది.

మేడ మీద వాటాలో నా కొడుకు కొడుకు, అతని భార్య ఉంటారు. అతను కాలిన గాయాలకు కట్టే బ్యాండేజీ గుడ్డకి వెండి పూత వేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. పెళ్లై ఆరేళ్లు. పిల్లల్లేరు. పోయిన నెల డాక్టరు టెస్టులు చేయిస్తే అతనికి ఇదే హార్మోన్ తక్కువుందని తేలింది. ఎందువల్లో ఇప్పుడే చెప్పలేమన్నాడు.

డాక్టరు చెప్పలేనిది నేను చెప్పాను. పెరుగన్నం కలుపుకుంటున్నవాణ్ణి ఆపి, ఉద్యోగం మానెయ్ అన్నాను. చుంచు అడ్డొచ్చింది. (ఎలుకల పనిలో చేరినప్పటి నుంచి వాళ్ల బావ దాన్ని చుంచు అంటాడు. ఇప్పుడు అందరికీ అదే పేరు.) ఎలుక తాగిన డోసు వేరు, బావ పీల్చేది వేరు, అలా ముడిపెట్టకూడదు అమ్మమ్మా అంది. లెక్కలు నాకు నేర్పకు అన్నాను. ముప్ఫై ఏళ్లు లెక్కలే చెప్పాను మరి.

అతను కంచంలోకి చూస్తూనే, సరే నానమ్మా అన్నాడు. వచ్చే నెలలో కొత్త యూనిట్ మొత్తం అతని చేతికి ఇస్తామన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అతని భార్యతో, ఇన్నాళ్లూ లోపల ఎక్కడో నిన్నే అనుకున్నానమ్మా, తప్పు నీది కాదు అని చెప్పాను. గొప్ప న్యాయం చేశాననుకున్నాను. ఆ అమ్మాయి చెయ్యి కడుక్కుని పైకి వెళ్లిపోయింది.

మార్చి 4, మంగళవారం

రాజీనామా లెటర్ ఇంగ్లీషు దిద్దాను. 'కైండ్లీ' రెండుసార్లు పడింది, ఒకటి కొట్టేశాను.

మార్చి 6, గురువారం. మధ్యాహ్నం

చుంచు తన పేపర్ డ్రాఫ్ట్ నాకిచ్చింది. ఇంగ్లీషు చూడు, అంకెలు చూడు, సైన్సు జోలికి మాత్రం రాకు అని షరతు. వచ్చే సోమవారానికల్లా జర్నల్‌కి పంపాలట. ఇది అచ్చయితేనే థీసిస్ సబ్మిట్ చేయనిస్తారు.

గ్రాఫ్ ముచ్చటగా ఉంది. మూడు కడ్డీలు, మెట్లు దిగినట్టు ఒకదాని కన్నా ఒకటి పొట్టి. వాళ్ల గైడ్ చూసి, నా సర్వీసులో ఇంత శుభ్రమైన రిజల్ట్ చూళ్లేదమ్మా అన్నాడట. మొహం మతాబులా వెలిగిపోతోంది పిల్లది. ఏడాదిన్నరగా దాని మొహంలో వెలుగు చూడలేదు నేను.

ఒక మాట దగ్గర ఆగాను. ఎలుకలను 'శాక్రిఫైస్' చేశామని రాసింది. రక్తం తీయడమంటే ఎలుక పని అక్కడితో అయిపోవడమే. అయితే 'కిల్డ్' అని రాయి, దాపరికం ఎందుకన్నాను. జర్నల్ వాళ్లు ఒప్పుకోరట. మర్యాద తక్కువట. చంపడానికి లేని మర్యాద మాటకి వచ్చిందా అన్నాను. అది నవ్వలేదు.

ఆ పని జరిగిన వారం గుర్తుంది నాకు. రోజూ ఇంటికి రాగానే తలారా స్నానం చేసి, అన్నం వద్దని పడుకునేది. తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు కేకలేశాను. ఇంకేమీ అడగలేదు.

మార్చి 8, శనివారం. సాయంత్రం

పనిమనిషి రాలేదు. సింకు దగ్గర చుంచు తోముతోంది, మనవడి భార్య కడుగుతోంది, నేను పక్కన నిలబడి చెబుతున్నాను. నేను నిలబడకపోతే ఈ ఇంట్లో గ్లాసులకు జిడ్డు పడుతుంది. ఎన్నేళ్ల నుంచో నాది ఒకటే పద్ధతి. గాజు గ్లాసులు ముందు, కంచాలు తర్వాత, జిడ్డు మూకుడు ఆఖర్న. శుభ్రమైన దాని నుంచి మురికి దానికి వెళ్లాలి గానీ మురికి దాని నుంచి శుభ్రమైన దానికి రాకూడదు.

చుంచు నవ్వి, అక్కా, నా పీహెచ్‌డీ అంతా ఈ సింకు రూలు మీదే నడిచింది తెలుసా అంది. ఎలా అని అడిగింది ఆ అమ్మాయి. చెప్పింది. ల్యాబ్‌లో అవే ట్రేలు, అవే కత్తెరలు. వెండి తాగిన ఎలుకల నుంచి ఒక్క నలుసు నీళ్ల బ్యాచ్‌కి అంటినా రిజల్ట్ పాడవుతుంది. అందుకని రక్తం తీసే ఏ రోజైనా నీళ్ల బ్యాచ్ ఎలుకలు ముందు, సగం డోసువి తర్వాత, ఫుల్ డోసువి ఆఖర్న. గైడ్ కూడా మెచ్చుకున్నాడట, ఎవరు నేర్పారని. మా అమ్మమ్మ, గిన్నెలు తోముతూ నేర్పింది అని చెప్పిందట.

ఆ క్షణాన నా ఛాతీ ఎంత పొంగిందో కూడా రాయాలి.

మనవడి భార్య అడిగింది. మరి ఆఖరివాటి వంతు ఎప్పుడొచ్చేది అని. నాలుగున్నరకి అంది చుంచు. అప్పటిదాకా ఎక్కడుండేవి అంది. బోన్ల ట్రాలీ తోసే ఆయన పొద్దున్నే ఒక్కసారే అన్నీ కిందికి తెచ్చేస్తాడు, మళ్లీ మళ్లీ మేడెక్కి దిగమంటే ఆయన మనల్ని మింగేస్తాడు, అందుకని రక్తం తీసే గది తలుపు పక్కనే పెట్టుకునేదాన్ని అంది.

ఆ అమ్మాయి చేతిలో గ్లాసు అలాగే ఉంది. కుళాయి పారుతోంది. లోపల ఏం జరుగుతోందో వాటికి తెలిసిపోదా పాపం, వాసనొస్తుంది కదా అంది.

వస్తుంది అంది చుంచు. నీళ్లు వృథా అవుతున్నాయని కుళాయి నేనే కట్టేశాను.

మూకుడు తోమకుండానే వెళ్లిపోయింది పిల్ల. నేను తోముకున్నాను.

మార్చి 9, ఆదివారం. ఉదయం 11.00

పొద్దున్నుంచి డ్రాఫ్ట్ ముందేసుకుని కూర్చున్నాను. సైన్సు నాకు రాదు. మెట్లు లెక్కపెట్టడం వచ్చు.

మొదటి మెట్టు నీళ్ల బ్యాచ్. మొదటి మెట్టే ఉదయం కూడా. ఆఖరి మెట్టు ఫుల్ డోసు. ఆఖరి మెట్టే సాయంత్రం కూడా. పొద్దున్నుంచి ఆ తలుపు పక్కన కూర్చుని, వాసన పీలుస్తూ, ఒక్కొక్కటే లోపలికి వెళ్లి తిరిగి రాకపోవడం చూస్తూ ఎదురుచూసిన మెట్టు. హార్మోన్ మెట్లు దిగిందన్నది నిజం. వెండి వల్ల దిగిందని ఎలా చెప్పడం?

ఇది నాకు కొత్త సంగతి కాదు. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నా గది ముందు నోటి లెక్కలకు వరస కట్టిన పిల్లల్లో, ఆఖరి రోల్ నంబరు వాడు లోపలికి వచ్చేసరికి రెండో ఎక్కం కూడా మర్చిపోయి ఉంటాడు. వాడికి లెక్కలు రావని అర్థమా?

చుంచుని పిలిచాను. కళ్లు చూడగానే తెలిసింది, దానికి నిన్ననే అర్థమైందని. నేను అడగకముందే చెప్పింది. భయపడితే ఆ హార్మోన్ పడిపోతుంది అమ్మమ్మా, అది ఫస్టియర్ పాఠం, నాకు తెలుసు, తెలిసి కూడా తట్టలేదు, ట్రేలు శుభ్రంగా ఉన్నాయా లేదా అని చూసుకున్నాను తప్ప వాటి మొహాలు చూళ్లేదు అంది.

నేను కూడా చూడలేదు. దాని మొహం కూడా.

తేల్చుకునే దారి ఒకటుందట. మిగిలిన రక్తం సీసాల్లో, ఫ్రీజర్‌లో ఉంది. అందులో భయం హార్మోన్ కొలవొచ్చు. మూడు బ్యాచ్‌ల్లోనూ సమానంగా ఉంటే గండం గడిచినట్టు. గురువారానికి తెలుస్తుంది. పేపర్ ఆపమన్నాను. ఇప్పటికే ఆపేశాను అంది.

ఇక మేడ మీదివాళ్లకు చెప్పాలా అని ఆలోచించాను. సగం తెలిసిన సంగతి చెప్పి మనిషిని అటూ ఇటూ ఊపడం ఎందుకు, గురువారం ఎంతో దూరం లేదు కదా అనుకున్నాను. ఆ ఆలోచన వివేకంలా కనిపించింది. నిజానికి, వారం తిరక్కుండా అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

మార్చి 11, మంగళవారం. సాయంత్రం 5.15

లెటర్ ఇచ్చేశాడు. నెలాఖరు దాకా ఆగుతాడని నేననుకున్నాను, తను ఇవాళే ఇచ్చేశాడు. ఎందుకంత తొందర అన్నాను. నువ్వే కదా నానమ్మా, చేయాల్సిన పని నానబెట్టకూడదంటావు అన్నాడు.

మార్చి 13, గురువారం

భయం హార్మోన్ మెట్లు ఎక్కింది. నీళ్ల బ్యాచ్‌లో తక్కువ, సగం డోసులో ఎక్కువ, ఫుల్ డోసులో ఇంకా ఎక్కువ. మొదటి గ్రాఫ్‌ని అద్దంలో తిరగేసి చూపినట్టుంది.

వెండి చేసిందో, భయం చేసిందో, రెండూ కలిసి చేశాయో ఈ ఎలుకల్ని అడిగి తెలుసుకునే వీల్లేదు. అవి లేవు.

మార్చి 14, శుక్రవారం. ఉదయం 10.00

మేడ ఎక్కాను. మోకాళ్ల నొప్పి వచ్చాక ఎక్కడం మానేశాను, రెండేళ్లైంది. పైవాళ్లు కిందికి దిగడమే గానీ నేను పైకి వెళ్లడం లేదు. సెలవు పెట్టినట్టున్నాడు, ఇద్దరూ ఉన్నారు. నన్ను గుమ్మంలో చూసి ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు.

కూర్చోకుండానే చెప్పాను. ఎలుకల రిజల్ట్ నమ్మడానికి లేదు. ఆ సందేహం నాకు ఆదివారమే వచ్చింది. లెటర్ ఇచ్చేలోపు చెప్పడానికి రెండు రోజులు ఉన్నాయి. చెప్పలేదు.

మనవడు నవ్వాడు. ఎలుకలక్కూడా గది బయట వరస కట్టించారన్నమాట, మన ఇంటి పద్ధతి చుంచు బాగానే ఒంటబట్టించుకుంది అన్నాడు. నవ్వుతూనే కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. కొత్త యూనిట్ ఇంకొకరికి ఇచ్చేశారు నానమ్మా, నిన్న ఆర్డర్ వచ్చింది, పర్లేదులే అన్నాడు. ఆ 'పర్లేదులే' నాకు వినబడుతూనే ఉంది.

అతని భార్య ఏమీ అనదనుకున్నాను. ఆరేళ్లలో నాకు ఎదురు చెప్పిన అమ్మాయి కాదు. ఇవాళ కూడా ఎదురు చెప్పలేదు. మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

మెట్ల కింద మీ కుర్చీ ఉంటుంది కదండీ, పేపర్ చదువుతూ అక్కడే కూర్చుంటారు. నెలకోసారి నేను దిగినప్పుడు మీరు పేపర్ దించి, విశేషమేమైనా ఉందా అన్నట్టు, ఏమ్మా, అంటారు. అంతే, ఇంకో మాట అనరు. నేను తల అడ్డంగా ఊపుతాను, మీరు పేపర్ మళ్లీ ఎత్తుకుంటారు. ఆ ఒక్క 'ఏమ్మా' కోసం వారం ముందు నుంచి నాకు ముద్ద దిగదు. మీ మనవడు ఫ్యాక్టరీ నుంచి వెనక గేటులోంచి ఎందుకొస్తున్నాడో ఎప్పుడైనా అడిగారా అండీ? స్కూటర్ అక్కడైతే నీడలో ఉంటుందన్నాడు, మీరు నమ్మారు. మొన్న సింకు దగ్గర చుంచు చెప్పిన ఆ ఎలుకల సంగతి నేను పైకొచ్చి ఈయనకు చెబుతుంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంతే అంది. తర్వాత, మంచినీళ్లు తెమ్మంటారా, మెట్లెక్కి వచ్చారు అని అడిగింది.

నేను ఆ అమ్మాయిని ఎప్పుడూ ఒక్క పరుషమైన మాట అనలేదని పక్కింటావిడతో గొప్పగా చెప్పుకునేదాన్ని. నిజమే, అనలేదు. ఒక్క మాటే అనేదాన్ని. దానికి పరుషమని ఏ నిఘంటువులోనూ ఉండదు.

అదే రోజు, సాయంత్రం

ఇంకోటి రాయాలి. కిందికి దిగుతూ, అయితే అతని హార్మోన్ తగ్గడానికి కారణం నేనేనా అనుకున్నాను. అనుకుని ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. తర్వాత ఏడుపు ఆపుకున్నాను. అది కూడా మొన్న చేసిన తప్పే. మొన్న వెండి అని తీర్పు చెప్పాను, ఇవాళ భయం అని చెబుతున్నాను. నాకు తెలియదు. డాక్టరుకీ తెలియదు. అన్నిటికీ నేనే కారణమనుకోవడంలో కూడా ఒక పెత్తనం ఉంది.

అది కారణమైనా కాకపోయినా, ఆరేళ్లు వాళ్లను ఆ తలుపు పక్కన కూర్చోబెట్టింది నేనే. దానికి టెస్టు అక్కర్లేదు.

మార్చి 15, శనివారం. మధ్యాహ్నం

చుంచు గైడ్‌ని కలిసి వచ్చింది. ఆయన అంతా విని, పేపర్ చివర్లో భయం సంగతి ఒక వాక్యంగా చేర్చి పంపించేద్దాం, అందరూ చేసేదే అన్నాడట. మళ్లీ మొదటి నుంచి చేస్తే ఏడాది పోతుందన్నాడట. ఆయన చెడ్డమనిషి కాదు. దాని ఏడాది గురించే అన్నాడు.

నా మంచం మీద కూర్చుని, నువ్వు చెప్పు అమ్మమ్మా, ఏం చేయను అంది. నోటి దాకా వచ్చింది నా జవాబు. మింగేశాను. ఏం చేయాలనుకుంటున్నావు అని అడిగాను. అది నా వంక వింతగా చూసింది. జ్వరమా అని నుదురు మీద చెయ్యి కూడా వేసింది.

చెయ్యి తీశాక చెప్పింది. ఒక వాక్యం చేరిస్తే పేపర్ బతుకుతుంది, కానీ బావ లాంటివాడు ఎవరో అది చదివి ఉద్యోగం మానేస్తాడు, ఇంకెవరో చదవక మాస్కు లేకుండా పీలుస్తాడు, నాకే తెలియంది నేను అచ్చెయ్యలేను అంది. మళ్లీ చేస్తాను అంది. ఆ మాట అన్నాక ఏడ్చింది. ఏడాది పోయినందుకు కాదట. మళ్లీ అన్ని ఎలుకలు కావాలి అమ్మమ్మా అంది. మొదటివి ఊరికే పోయాయి అంది.

దాని మొహం తుడవడానికి తువ్వాలు తెచ్చాను. ఏడుస్తున్నవాళ్లకు తువ్వాలు ఎందుకో నాకూ తెలియదు. చేతికి అదే దొరికింది. తర్వాత ఆ తువ్వాలు మంచం మీదే ఉండిపోయింది. ఉండనిచ్చాను.

మార్చి 17, సోమవారం. ఉదయం

జరగవలసినవి:

1. పేపర్ పంపడం లేదని గైడ్‌కి మెయిల్. చుంచు రాస్తుంది. నేను దిద్దను.

2. కొత్త ఎలుకలకు ఏది ముందో ఏది వెనకో చీటీలు తీసి తేల్చాలి. ప్రతిదానికీ కొత్త ట్రే. ఎదురుచూసే గది వేరే అంతస్తులో. ట్రాలీ ఆయన్ని ఒప్పించడానికి అవసరమైతే నేను వెళ్తాను.

3. రాజీనామా వెనక్కి అడగాలా, ఇంకోచోట చూసుకోవాలా అన్నది మనవడి ఇష్టం. నన్ను అడిగితే తప్ప నోరు విప్పను. ఎక్కడ చేరినా మాస్కు పెట్టుకోవాలి. అది ఏ రిజల్ట్‌తోనూ పని లేని మాట, అది మాత్రం ఇప్పటికే చెప్పేశాను.

4. ఎవరు ఏ గేటులోంచి వచ్చారో చూడకూడదు.

5. గ్లాసులు, కంచాలు, మూకుడు: ఏది చేతికొస్తే అది.

6. మెట్ల కింద ఉన్న నా కుర్చీ కిటికీ దగ్గరికి మారాలి, వీధి వైపు తిప్పి. బరువైనదే. మోయడానికి ఎవరినీ పిలవకూడదు.